గాలిలో గెట్టు పంచాయితీ

(పేజింగ్ కంపెనీలూ, రేడియో ఫ్రీక్వెన్సీల పంపకమూ)

పల్లెల్లో పుట్టి పెరిగినవారికి గెట్టు పంచాయితీ అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ఇద్దరి పొలాల నడుమ జానెడు గట్టు. ఒక ఏడు నాగలి చాలు కొంచెం ఇవతలికి వస్తుంది. మరుసటి ఏడు ఇంకొంచెం. ఆపైన మాట పెరుగుతుంది, పెద్దమనుషులు వస్తారు, పట్టా కాగితాలు బయటికి తీస్తారు, చివరికి కోర్టు మెట్లు ఎక్కుతారు. కంటికి కనబడే నేలమీదనే ఇన్ని తగాదాలుంటే, కంటికి కనబడని రేడియో తరంగాల మీద ఎన్ని ఉండాలి? అక్కడ గట్టు లేదు, హద్దురాయి లేదు. ఐనా పట్టాలున్నాయి, కబ్జాలున్నాయి, కోర్టులున్నాయి, కోట్ల రూపాయల వేలంపాటలున్నాయి.

ఈ సంగతిని ఒక చిన్న వస్తువును ఆధారం చేసుకొని పరిశీలించాలని నా ప్రయత్నం. ఆ వస్తువు పేజరు. ఈనాటి విద్యార్థుల్లో చాలామందికి ఆ మాట 2024 సెప్టెంబరులో లెబనాన్‌లో పేజర్లు పేలిన వార్తతోనే మొదటిసారి చెవిన పడి ఉంటుంది. కాలం చెల్లిన వస్తువు మీద వ్యాసమెందుకని కొందరు అడగవచ్చు. పెద్ద జబ్బుల లక్షణాలను వైద్య విద్యార్థులు చిన్న జీవుల మీద పరిశీలించి నేర్చుకొంటారు. మొబైల్ ఫోన్ల ఫ్రీక్వెన్సీల తగాదా చాలా పెద్దది; రాజకీయాలు, లక్షల కోట్ల లెక్కలు కలిసి మన కళ్ళు చెదరగొడతాయి. పేజింగు తగాదా చిన్నది. దానిలో ఎముకలు స్పష్టంగా కనబడతాయి.

1. పేజరు చేసే పని

పేజరు మాట్లాడదు, వింటుంది. అంతే. అమెరికాలో ఆల్ గ్రాస్ అనే ఆయన 1949లో దీనికి రూపకల్పన చేశాడు. మొదట వాడినవారు ఆసుపత్రి డాక్టర్లు. మీరు ఫలానా డాక్టరుగారికి కబురు చెప్పాలనుకొంటే పేజింగ్ కంపెనీకి ఫోన్ చేస్తారు. కంపెనీ ఆ కబురును రేడియో తరంగంగా ఊరంతటా ప్రసారం చేస్తుంది. డాక్టరుగారి నడుముకున్న పెట్టె తన పేరు వినగానే కూత పెడుతుంది. తెరమీద నంబరు చూసుకొని ఆయన దగ్గరలో ఉన్న టెలిఫోను వెతుక్కొంటాడు.

ఇక్కడ భౌతికశాస్త్ర విద్యార్థులు గమనించవలసినవి రెండున్నాయి.

మొదటిది: పేజరు తిరిగి బదులు చెప్పదు కనుక, అది ఊళ్ళో ఏ మూల ఉన్నదో కంపెనీకి తెలియదు. కాబట్టి ఊళ్ళో ఉన్న ట్రాన్స్‌మిటర్లన్నీ ఒకే సమయంలో, ఒకే ఫ్రీక్వెన్సీ మీద, ఒకే కబురును చాటాలి. ఊరి నాలుగు చావడుల దగ్గరా ఒకేసారి దండోరా వేయించినట్లన్నమాట. ఆ ఫ్రీక్వెన్సీ (మన పాఠ్యపుస్తకాల భాషలో పౌనఃపున్యం) ఊరంతటా ఒక్క కంపెనీదే అయి ఉండాలి. ఒక పేటలో ఒకరిది, మరో పేటలో మరొకరిది ఐతే పనికి రాదు.

రెండవది: ఒక్క ఛానలులో ఎంత పని జరుగుతుందో లెక్క వేయండి. బ్రిటిష్ తపాలాశాఖ ఆధ్వర్యంలో రూపొంది, 1980 దశకంలో ప్రపంచమంతటా వ్యాపించిన పోక్‌సాగ్ పద్ధతిని ఉదాహరణగా తీసుకొందాం. దాని మొదటి వేగం సెకనుకు 512 బిట్లు. 32 బిట్లు కలిస్తే ఒక సంకేతపదం. కనుక సెకనుకు 16 సంకేతపదాలు. ప్రతి 16 పదాలకూ లయ తప్పకుండా ఉండేందుకు ఒక పదం అదనం. పది అంకెల టెలిఫోను నంబరు పంపాలంటే చిరునామాకు ఒక పదం, అంకెలకు రెండు పదాలు, వెరసి మూడు. అంటే ఖాళీలు పోకుండా సర్దగలిగితే సెకనుకు సుమారు ఐదు కబుర్లు, గంటకు 18,000 కబుర్లు. అదే ఛానలును ఇద్దరు మనుష్యులు మాట్లాడుకోవడానికి వాడితే? సంభాషణకు మూడు నిమిషాల చొప్పున గంటకు ఇరవై సంభాషణలు.

ఇరవై ఎక్కడ, పద్ధెనిమిది వేలెక్కడ! చిరునామా 21 బిట్లు కనుక ఒకే వ్యవస్థలో 20,97,152 వేర్వేరు చిరునామాలు ఇమిడిపోతాయి. చిరునామాలోని చివరి మూడు బిట్లు ఆ పేజరు ఏ క్షణంలో మేలుకోవాలో చెబుతాయి. మిగతా వేళ నిద్రపోతుంది. అందుకే ఒక్క పెన్సిల్ బ్యాటరీతో వారాల తరబడి పనిచేసేది. సన్నని ఒక్క రేడియో ఛానలుతో నగరమంతటా వ్యాపారం చేయవచ్చు. ఆ సన్నని గీత కోసం కంపెనీలు ఎందుకు కొట్లాడుకొన్నాయో ఈపాటికి బోధపడి ఉంటుంది.

2. తగాదా ఎక్కడ పుడుతుంది?

ఒకే ఇరుకు వీధిలో రెండు పెళ్ళి ఊరేగింపులు ఎదురుపడ్డాయనుకోండి. ఇటు బ్యాండు, అటు బ్యాండు. ఇద్దరూ మంచి వాయిద్యగాళ్ళే. ఐనా వినేవాడికి ఏ పాటా దక్కదు. ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఇద్దరు ప్రసారం చేస్తే జరిగేది అదే. పోక్‌సాగ్ వంటి పద్ధతుల్లో ఒకటి రెండు బిట్లు చెడితే సరిదిద్దుకొనే ఏర్పాటు ఉంది. బిట్లన్నీ కలగాపులగమైతే ఏ ఏర్పాటూ కాపాడదు. డాక్టరుకు కబురు అందదు. పైగా అందలేదని పంపినవాడికీ తెలియదు, అందుకోవలసినవాడికీ తెలియదు! పేజరు బదులు చెప్పదు కదా.

కాబట్టి తగాదాలు మూడు చోట్ల పుడతాయి. ఒకే ఫ్రీక్వెన్సీ ఇద్దరు అడిగితే ఎవరికివ్వాలి? ఇచ్చిన తర్వాత దాని హద్దు ఎంతవరకు? ఒకడు తీసుకొని వాడకుండా కూర్చుంటే ఏం చేయాలి? చూడండి, ఇవి మన భూమి తగాదాలే. వారసత్వం, గెట్టు, బీడు. పేరు మారింది గాని స్వరూపం మారలేదు.

ఈ వ్యాసం కోసం నేను చదువుతున్నప్పుడు, దుబ్బాకలో మా ఇంటి పక్కన మగ్గం నేసే ఒక పెద్దాయనకు ఈ విషయం చెప్పాను. ఆయన పోగు అతుకుతూ అంతా విని, "గాలికి గూడ పట్టా ఇస్తరా బిడ్డా? ఎవలిస్తరు? ఎవలబ్బ సొమ్మని ఇస్తరు?" అని అడిగాడు. పెద్ద పెద్ద న్యాయస్థానాలు ఎన్నో ఏళ్ళు తలలు పట్టుకొన్న ప్రశ్నలు ఆ రెండే. ఎవరివ్వాలి? ఎవరి సొమ్ము?

3. పంచే నాలుగు పద్ధతులు

ఈ పద్ధతులన్నీ ఒకదాని తర్వాత ఒకటిగా పరీక్షకు నిలిచిన దేశం అమెరికా. పేజింగు ఎక్కువగా పెరిగినదీ అక్కడే. అందుచేత ముందు అక్కడికి పోయి వద్దాం.

మొదటి పద్ధతి: ముందు వచ్చినవాడికి ముందు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. 1945లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు ఆష్‌బాకర్ కేసు వచ్చింది. మిషిగన్ రాష్ట్రంలో రెండు కంపెనీలు ఒకే 1230 కిలోసైకిళ్ళ మీద రేడియో స్టేషను కోసం దరఖాస్తు పెట్టాయి. ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ ఒకరికి విచారణ లేకుండానే ఇచ్చేసి, రెండోవారిని విచారణకు రమ్మంది. ఇచ్చేసిన తర్వాత విచారణ ఏమిటి? పెళ్ళయిపోయాక పెళ్ళిచూపులా? ఒకరికిస్తే మరొకరికి లేకుండా పోయే దరఖాస్తులను కలిపి విచారించవలసిందేనని కోర్టు తేల్చింది. పేజింగుతో సహా తర్వాతి తగాదాలన్నిటికీ ఈ సూత్రం పునాది అయింది.

రెండవ పద్ధతి: గుణగణాల పోటీ. ఎవరు ప్రజలకు ఎక్కువ మేలు చేస్తారో విచారించి వారికివ్వడం. ఆదర్శం గొప్పదే. ఆచరణలో మాత్రం విచారణలు ఏళ్ళతరబడి సాగాయి. నాది మంచి సేవ అంటే నాది ఇంకా మంచి సేవ అని కాగితాల గుట్టలు పేరుకొన్నాయి. లాభపడినవారిలో వకీళ్ళు ముందు వరసలో ఉన్నారు.

మూడవ పద్ధతి: లాటరీ. 1980 దశకంలో విసిగిపోయి చీట్లు తీశారు. సెల్యులార్ లైసెన్సుల లాటరీలకు దరఖాస్తులు లక్షల్లో వచ్చిపడ్డాయి. ట్రాన్స్‌మిటరు ముఖం చూడనివాళ్ళు కూడా అదృష్టం పరీక్షించుకొన్నారు. రుసుము తీసుకొని దరఖాస్తులు నింపిపెట్టడమే ఒక పరిశ్రమైంది. 1989లో కేప్‌కాడ్ ప్రాంతపు సెల్యులార్ లైసెన్సు లాటరీలో దక్కించుకొన్న బృందం దాన్ని సౌత్‌వెస్టర్న్ బెల్ కంపెనీకి 4 కోట్ల 10 లక్షల డాలర్లకు అమ్ముకొంది. ప్రజల సొత్తు విలువ ప్రజలకు రాలేదు, కష్టపడిన కంపెనీకీ రాలేదు. చీటీ తగిలినవాడి జేబులోకి పోయింది.

నాల్గవ పద్ధతి: వేలంపాట. ఈ ఊహ ఒక విద్యార్థిదని తెలిస్తే మీకు సంతోషం కలుగుతుంది. 1951లో షికాగో విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదువుతున్న లియో హెర్జెల్, ఫ్రీక్వెన్సీలను వేలం వేసి ఇవ్వాలని విశ్వవిద్యాలయ న్యాయ పత్రికలో వ్రాశాడు. 1959లో ఆర్థికవేత్త రొనాల్డ్ కోస్ ఆ వాదాన్ని విస్తరించాడు. ఆ ఏడు ఆయన కమిషన్ ఎదుట ఈ సంగతి చెబితే, ఇదంతా హాస్యమా అని ఒక కమిషనర్ అడిగాడట! అదే కోస్‌కు 1991లో నోబెల్ బహుమతి వచ్చింది. 1993లో అమెరికా కాంగ్రెస్ వేలానికి అనుమతినిచ్చింది. 1994 జూలై 25 నుండి 29 వరకు జరిగిన మొట్టమొదటి వేలంలో అమ్మింది ఏమిటనుకొన్నారు? పేజింగ్ ఫ్రీక్వెన్సీలే. దేశమంతటా చెల్లే పది లైసెన్సులు. వచ్చినది సుమారు 61 కోట్ల 70 లక్షల డాలర్లు. ఆనాటి మారకపు రేటున మన రూపాయల్లో సుమారు 1,900 కోట్లు.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ఎంటెల్ అనే కంపెనీ కొత్త తరహా పేజింగుకు దారి చూపిందని, 'మార్గదర్శి' గౌరవంగా దానికొక లైసెన్సు కేటాయించాలని కమిషన్ 1993లో నిర్ణయించింది. అప్పటికింకా వేలాలు లేవు. వేలం వచ్చాక, మిగతావారంతా కోట్లు పోస్తుంటే వీరికి ఊరికే ఎందుకివ్వాలని మాట మార్చి డబ్బు కట్టమంది. తగాదా కోర్టుకెక్కింది. దారి వేసినవాడికి దారిమీద హక్కుందా, లేక సంత సుంకం అందరితోబాటు కట్టవలసిందేనా? మీ తరగతిలో చర్చకు పెట్టదగిన ప్రశ్న.

ఈ నాలుగూ గాక పేజింగులోనే ఐదో పద్ధతి ఒకటి కొన్నాళ్ళు నడిచింది. 929–930 మెగాహెర్ట్జ్ మధ్య 25 కిలోహెర్ట్జ్ వెడల్పున 40 పేజింగ్ ఛానళ్ళుండేవి. మొదట్లో అవి ఉమ్మడి. ఒకే ఛానలు నలుగురు వాడుకొంటూ ఒకరి కబురు మీద ఒకరి కబురు పడి రోజూ గొడవలు. 1993లో కమిషన్ ఒక నియమం పెట్టింది. ట్రాన్స్‌మిటర్లు నిలబెట్టి నిజంగా సేవ చేసినవాడికే ఏకహక్కు. దేశమంతటికీ హక్కు కావాలంటే 300 ట్రాన్స్‌మిటర్లు కట్టి చూపాలి. మన తెలంగాణ నేలమీద ఎంతో రక్తం చిందించిన 'దున్నేవానిదే భూమి' నినాదం అమెరికా ఫ్రీక్వెన్సీల చట్టంలో ఈ రూపాన కనబడటం నాకు వింతగా తోచింది. ఐతే అది ఎంతోకాలం నిలవలేదు. 1996 ఫిబ్రవరిలో కొత్త దరఖాస్తులను నిలిపివేశారు. ప్రాంతాలవారీగా వేలం వేస్తామన్నారు. సొంత కష్టంతో ఊరూరా ట్రాన్స్‌మిటర్లు పెంచుకొంటూ వచ్చిన చిన్న కంపెనీలు లబోదిబోమన్నాయి. 2000లో ఆ వేలం జరిగేనాటికి పేజరును మొబైల్ ఫోను మింగేస్తున్నది. అదే 2000లో అమెరికాలో అన్నిటికంటె పెద్ద పేజింగ్ కంపెనీ ఐన పేజ్‌నెట్ దివాలా కాగితాలు దాఖలు చేసింది.

4. మన దేశంలో

మన దేశంలో కథ 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంతో మొదలవుతుంది. దాని నాల్గవ సెక్షను ప్రకారం టెలిగ్రాఫులు నెలకొల్పే హక్కు పూర్తిగా కేంద్ర ప్రభుత్వానిదే. ఇతరులకు ప్రభుత్వం లైసెన్సు ఇవ్వవచ్చు. 1933లో వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఫ్రీక్వెన్సీల కేటాయింపు చూసే వైర్‌లెస్ ప్రణాళిక, సమన్వయ విభాగం ఏర్పడింది. తెల్లదొర రాసుకొన్న హక్కు నల్లదొర చేతికి వచ్చిందంతే. నూరేళ్ళకు పైగా ఈ గాలి సర్కారీ భూమి.

1992 జూలైలో ఈ భూమికి మొదటిసారి ప్రైవేటు పట్టాలివ్వాలని నిర్ణయించారు. రేడియో పేజింగు, సెల్యులార్ ఫోను అందులో ముఖ్యమైనవి. 1994 మే నెలలో వచ్చిన జాతీయ టెలికాం విధానం దీన్ని గూర్చి సూటిగానే చెప్పింది: ఈ రెంటిలో ఎన్ని కంపెనీలనంటే అన్నిటిని అనుమతించడం సాధ్యం కాదు కనుక టెండర్ల ద్వారా ఎంపిక చేస్తున్నాము. కొలబద్దలు కూడా ఇచ్చింది. కంపెనీ గత చరిత్ర, సాంకేతిక పద్ధతి పొసగడం, భవిష్యత్తులో దాని ఉపయోగం, దేశ భద్రత, తక్కువ ధరలో మంచి సేవ, టెలికాం శాఖకు దక్కే లాభం. చూశారా, అమెరికా విసిగి వదిలిపెట్టిన గుణగణాల పోటీనీ, అప్పుడే చేపడుతున్న ధర పోటీనీ మనం ఒకే కుండలో వండుకొన్నాం.

కొలబద్దలు ఆరైతే ఏ బద్దకెంత విలువ? తగాదా అక్కడే పుట్టింది. నాలుగు మహానగరాల సెల్యులార్ టెండర్ల మీద టాటా సెల్యులార్ కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1994 జూలై 26న తీర్పు వచ్చింది. సరిగా ఆ వారమే అమెరికాలో పేజింగ్ వేలం జరుగుతూ ఉంది! నిర్ణయం మంచిదా చెడ్డదా అని అప్పీలు విన్నట్లు వినడం కోర్టు పని కాదు, నిర్ణయం తీసుకొన్న తీరు న్యాయంగా ఉందా లేదా అన్నదే చూస్తామని జస్టిస్ ఎస్. మోహన్ వ్రాసిన ఆ తీర్పు చెప్పింది. టెండర్ల తగాదాలన్నిటిలోనూ ఈనాటికీ ఈ తీర్పును ఉదహరిస్తారు.

ఇక 1995 ఫిబ్రవరి 9 నాటి తీర్పు. 1993 నవంబరులో హీరో కప్ క్రికెట్ పోటీలను టీవీలో చూపే హక్కు ఎవరిదన్న తగాదాలోంచి పుట్టింది. ఒక వైపు బెంగాల్ క్రికెట్ సంఘం, మరో వైపు కేంద్ర సమాచార ప్రసారాల శాఖ. జస్టిస్ పి.బి. సావంత్, జస్టిస్ ఎస్. మోహన్, మన తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి విచారించారు. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని, వాటి వాడకాన్ని ప్రజల మేలుకోసం ఒక ప్రజాసంస్థ అదుపు చేయాలని తీర్పునిచ్చారు. ఆ తరంగాలు సర్కారు సొంతం కావు, అలాగని డబ్బున్నవాడి సొంతమూ కావు. జస్టిస్ జీవన్‌రెడ్డి విడిగా వ్రాసిన తీర్పులో ఈ రెండో ప్రమాదాన్ని గూర్చి గట్టిగా హెచ్చరించారు. మా పక్కింటి పెద్దాయన అడిగిన "ఎవలబ్బ సొమ్ము" అన్న ప్రశ్నకు మొదటి జవాబు ఈ విధంగా వచ్చింది. అందరబ్బ సొమ్మూ!

అదే 1995లో మన నగరాల్లో పేజర్లు కూత పెట్టడం మొదలైంది. ఐతే కర్మమేమంటే, మొబైల్ ఫోను కూడా ఆ ఏడే, జూలై 31న వచ్చేసింది. అమెరికాలో పేజరుకు దశాబ్దాల ముందడుగు దొరికింది. మన దగ్గర దొరకలేదు. కొన్నాళ్ళు మాత్రం పేజరు బ్రతికింది. ఎందుకంటే మొబైల్‌కు వచ్చే కాలుకు కూడా డబ్బు కట్టాలి. నిమిషానికి 16 రూపాయల 80 పైసల వరకు ఉండేది. పేజరులో నంబరు చూసి రూపాయి బిళ్ళ ఫోన్‌లో మాట్లాడుకోవడం చవక. హైదరాబాదులో మందుల కంపెనీ ప్రతినిధిగా పనిచేసిన మా మేనమామకు అప్పట్లో ఒక పేజరుండేది. దుబ్బాకకు వచ్చేటప్పుడు శామీర్‌పేట దాటగానే అది మూగబోయేది. ఇంటికి వచ్చి దాన్ని గూట్లో పెడితే, పిల్లలం చుట్టూ చేరి అది ఎప్పుడు కూస్తుందా అని చూసేవాళ్ళం. అది కూయలేదు. నగరానికిచ్చిన లైసెన్సు నగరం పొలిమేర దగ్గరే ఆగిపోతుందని అప్పుడు మాకు తెలియదు.

మన కంపెనీలకు మరో భారం స్థిరమైన లైసెన్సు ఫీజు. ఖాతాదారులు వచ్చినా రాకున్నా కట్టవలసిందే. 1999 నాటి కొత్త టెలికాం విధానం పేజింగుకు సైతం ప్రవేశ రుసుము, రాబడిలో వాటా పద్ధతిని చెప్పింది. కాని అప్పటికే ఆలస్యమైంది. మొబైల్ ధరలు పడిపోయాయి. 2003లో వచ్చే కాలుకు డబ్బు కట్టడం పోయింది. దానితో పేజరు అవసరమూ పోయింది.

ఆ తర్వాతి కథ మీకు తెలిసినదే. 2008లో మొబైల్ ఫ్రీక్వెన్సీలను 'ముందు వచ్చినవాడికి ముందు' పద్ధతిన ఇచ్చారు. 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు 122 లైసెన్సులను రద్దు చేసింది. ఆ ఏడే సెప్టెంబరులో ఐదుగురు న్యాయమూర్తులు, ప్రకృతి వనరులన్నిటికీ వేలమొక్కటే మార్గమని రాజ్యాంగం చెప్పలేదన్నారు. 2023 డిసెంబరులో వచ్చిన టెలికమ్యూనికేషన్ల చట్టం వేలాన్ని సాధారణ నియమంగా పెట్టి, దేశభద్రత, విపత్తుల నిర్వహణ వంటివాటిని మినహాయించింది.

5. దరఖాస్తు లేనివాడి తగాదా

ఇంతవరకు చెప్పిన తగాదాలన్నీ ఎవరి మధ్య? దరఖాస్తు పెట్టగలిగినవారి మధ్య. చెరువు నీళ్ళ పంపకంలో నీరటికాడు న్యాయంగానే ఉండవచ్చు. ఆయకట్టులో పేరున్న రైతులకు వంతులవారీగా చుక్క తేడా లేకుండా పంచవచ్చు. మరి ఆయకట్టులో పేరే లేనివాడి సంగతి? వాడికి తగాదా పెట్టుకొనే హక్కు కూడా లేదు. దుబ్బాక వంటి ఊళ్ళకు పేజరు ఎందుకు రాలేదని ఏ కోర్టులోనూ కేసు లేదు. ఎవరూ అడగలేదు, అడిగే చోటు లేదు.

కాని మన పాత మెదక్ జిల్లాలోనే ఒక చోట అడిగారు. జహీరాబాదు దగ్గర మచ్నూరు గ్రామం. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాక మనం సిద్దిపేటలోకి వచ్చాం, అది సంగారెడ్డిలోకి పోయింది. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు, చిరుధాన్యాలు పండించుకొనే రైతు కూలీలు, తమ మాట తమ భాషలో వినిపించుకొనే రేడియో కావాలన్నారు. 1998లోనే యునెస్కో సాయంతో స్టూడియో వచ్చింది. యంత్రం ఉంది, మాట ఉంది, పాట ఉంది. ఫ్రీక్వెన్సీ మాత్రం లేదు. ఎందుకంటే చట్టం ప్రకారం వారు దరఖాస్తు పెట్టదగిన వర్గంలోనే లేరు. తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు చెప్పి అప్పటికి మూడేళ్ళు!

పదేళ్ళు ఆ స్త్రీలు కార్యక్రమాలను క్యాసెట్ల మీద రికార్డు చేసి, సంఘాల సమావేశాల్లో వినిపించుకొంటూ వచ్చారు. 2002లో ప్రభుత్వం సామాజిక రేడియోకు అనుమతినిచ్చింది గాని, అది విద్యాసంస్థలకు మాత్రమే. 2004లో చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయంలో మొదటి స్టేషను వచ్చింది. 2006లో నియమాలు సడలించి స్వచ్ఛంద సంస్థలను కూడా చేర్చారు. 2008 అక్టోబరు 15న, గ్రామీణ స్త్రీల దినోత్సవం నాడు, సంగం రేడియో 90.4 మెగాహెర్ట్జ్ మీద పలికింది. దాన్ని ప్రారంభించినది ఎవరు? పదమూడేళ్ళ క్రితం ఆ తీర్పు ఇచ్చిన జస్టిస్ పి.బి. సావంత్. తాను కాగితం మీద వ్రాసిన వాక్యం ఒక పల్లెలో గొంతుగా మారడం ఆయన చెవులారా విన్నాడు.

లెక్క చూడండి. కోట్ల ఫీజులు పోసిన పేజింగ్ కంపెనీలు 1995లో పుట్టి పదేళ్ళు తిరగకుండా మూతపడ్డాయి. అదే పదేళ్ళలో అధికభాగం మచ్నూరు స్త్రీలు ఒక ఫ్రీక్వెన్సీ కోసం వేచి ఉన్నారు. ఒకరికి ఫ్రీక్వెన్సీ ఉండి చెప్పే మాట మిగలలేదు. ఒకరికి చెప్పే మాట ఉండి ఫ్రీక్వెన్సీ లేకపోయింది.

6. నా అభిప్రాయం

ఏ పద్ధతి మంచిది అని పరీక్షల్లో అడిగితే మనం వేలమే మంచిదని వ్రాస్తాం. కంపెనీల మధ్య పంపకానికి అది నిజంగానే మేలైనది. దొడ్డిదారులు తగ్గుతాయి, ప్రజల సొత్తుకు వెల వస్తుంది. దాన్ని నేను కాదనను. కాని వేలంపాట ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతుంది: పాడడానికి వచ్చినవారిలో ఎవరికి? పాట దగ్గరికే రాలేనివారి ప్రశ్న అది వినదు. లాటరీ వినదు, గుణగణాల పోటీ వినదు, ముందు వచ్చినవాడి పద్ధతి అసలే వినదు. ఆ ప్రశ్నకు జవాబు పంచే పద్ధతిలో లేదు. పంచకముందు, ఎవరెవరు అడగవచ్చు, ఎంత భాగం డబ్బుతో కొలవకుండా పక్కన పెట్టాలి అని తేల్చే చోట ఉంది. మన ఊళ్ళలో భూములన్నీ పట్టాలైనా బందెలదొడ్డి, శ్మశానం, చెరువు శిఖం విడిగా ఉంచుతారు. గాలిలోనూ అటువంటి పోరంబోకు కావాలి. దాన్ని కాపాడుకోవడం పోరాడి గెలుచుకొన్నంత అవసరం.

విద్యార్థి సంఘానికి ఒక సూచన చేసి ముగిస్తాను. సామాజిక రేడియోకు విద్యాసంస్థలు దరఖాస్తు పెట్టుకోవచ్చని నియమం వచ్చి ఇరవయ్యేళ్ళు దాటింది. సంగం రేడియో గొంతు పాతిక కిలోమీటర్ల దాకే వినిపిస్తుంది, దుబ్బాక దాకా రాదు. మన మగ్గాల మాట, మన వాగుల మాట, మన పరీక్షల మాట చెప్పుకోవడానికి మన దగ్గర భౌతికశాస్త్ర విభాగం ఉంది, తెలుగు విభాగం ఉంది, అరిచే గొంతులకు అంతకంటె కొదవ లేదు. వచ్చే సంఘం తన మొదటి సమావేశంలో ఈ దరఖాస్తు సంగతి చర్చకు పెట్టాలని, ప్రిన్సిపాల్‌గారూ అధ్యాపకులూ సహకరించాలని కోరుతున్నాను. ప్రజల ఆస్తిలో మన వాటా అడగవలసినది మనమే.